హైమకు ఒళ్ళు చేయించిన తిరగలి

నేను ఒక తిరగలిని. పైరాయి, కిందిరాయి, ఒక కర్ర పిడి, నడిమధ్యన నోరు. లావుగా ఉంటాను. ఇద్దరు ఎత్తితే గాని చోటు కదలను. అందుకు నాకేం సిగ్గు లేదు, ముందే చెబుతున్నాను.

అనకాపల్లి దగ్గర ఓ కొండరాయిలోంచి పుట్టాను. నన్ను చెక్కినాయన ముక్కుపొడుం మనిషి. ఆయన తుమ్మినప్పుడే నా అంచు ఒకచోట వంకర పోయింది. మా ఇంటావిడ సింహాచలమ్మ పెళ్ళికి నాకు పసుపు రాసి, ముత్తైదువలు నాలో పసుపుకొమ్ములు పోసి విసిరారు. అబ్బో, ఆ వైభవం! మిక్సీ వచ్చాక నన్నే పెరట్లో పడేసి, నెత్తిన బట్టల సబ్బు పెట్టారు. మనుషులింతే.

నన్ను మళ్ళీ నడింట్లోకి తెచ్చింది సింహాచలమ్మ కోడలు హైమ. విశాఖ సముద్రంలో చేపలా ఈదే పిల్ల. ఇంగ్లండుకీ ఫ్రాన్సుకీ మధ్యనున్న సముద్రం ఈదుతానని పట్టుబట్టింది. ఆ నీళ్ళు కొరికేస్తాయట. రబ్బరు సూటు వేసుకోకూడదట. ముందుగా చల్లటి నీళ్ళలో ఆరు గంటలు ఈదుతూ నిలిచి చూపిస్తేనే రానిస్తారట. మన్యంలో ఓ జలాశయంలో దిగింది. గంట తిరక్కుండానే పెదాలు నల్లబడితే పైకి లాగేశారు.

కోచ్ ఆనందరాజుగారు ఇంటికొచ్చి చెప్పారు. "ఈతకి వంక లేదమ్మా. ఒంట్లో చలి ఆపే కొవ్వు లేదు. వచ్చే చలికాలానికి లావై రా. అప్పుడూ నిలవకపోతే ఆ సముద్రం ఈతలో నీ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తారు."

ఆయన గుమ్మం దాటగానే సింహాచలమ్మ నన్ను కడిగింది. "మిక్సీ పిండి పంటికి తగల్దు. సున్నుండంటే తిరగల్లో ఇసరాల!" అంది.

ఇక చూడండి నా భోగం! వేయించిన మినప్పప్పు గుప్పెడేసి నా నోట్లో పడుతుంటే, కమ్మని పిండి చుట్టూ రాలేది. అందులో బెల్లం, చేతులు జారేంత నెయ్యి. హైమ ఈదొచ్చి తినేది, తిని ఈదబోయేది. బుగ్గలు నిండాయి, నడుం నిండింది, జాకెట్లు బిగిశాయి.

వీధి ఊరుకుంటుందా? పక్కింటి పైడమ్మ గిన్నె నిండా చలిమిడి చేసి, పసుపుకుంకాలతో వచ్చేసింది. మా వైపు కడుపుతో ఉన్న పిల్లకి చలిమిడి పెడతారు లెండి.

"దాచేత్తే దాగుద్దేటే? ఎన్నో నెల?"

"కడుపు కాదు పిన్నీ, కొవ్వు. కావాలనే పెంచుతున్నాను," అంది హైమ.

"ఓలమ్మో! ఊరంతా తగ్గుతంటే నువ్వు పెంచుతున్నావా? సూసినోళ్ళేటంటారే?"

హైమ గిన్నె అందుకుంది. బియ్యప్పిండి, బెల్లం, నెయ్యి. వదులుతుందా? అడుగు గీకి మరీ తిని, "ఇంకుందా పిన్నీ?" అంది. పైడమ్మ బిక్కమొహం వేసింది.

ఆవిడ వెళ్ళాక మాత్రం హైమ నా పక్కనే కూలబడింది. "అత్తా, ఇన్ని మాటలు పడి, ఇంతా తిని, మళ్ళీ వణికిపోతే?"

"నీళ్ళకి ఊరి మాటలెందుకే? ఇంకో ఉండ తిను," అంది సింహాచలమ్మ. ఆ పూట మాత్రం నా పిడి గట్టిగా తిప్పింది. ఆవిడ భయం నాకు తెలిసింది.

చలికాలం వచ్చింది. అత్తాకోడళ్ళు మన్యం జలాశయానికి జీపెక్కారు, వెనక పైడమ్మ కూడా. నేను ఖాళీ నోటితో ఎదురుచూశాను.

తిరిగొస్తూనే వీధి మొదట్నుంచి పైడమ్మ గొంతే! "పుల్లల్లాంటి మగపిల్లలు వణుకుతా ఒడ్డెక్కేసినారు. మా పిల్ల ఆరు గంటలూ గేదెలాగ దర్జాగా ఉండిపోనాది!"

హైమ వచ్చి నా మీద చెయ్యి వేసింది. చెయ్యి ఇంకా చల్లగానే ఉంది. వణకడం లేదు.

"అయిపోనాది కదే, ఇంక తగ్గు," అంది పైడమ్మ.

"అది చెరువు పిన్నీ. సముద్రం ముందుంది," అని హైమ గుప్పెడు మినప్పప్పు నా నోట్లో పోసింది.

తేలికరాయి పప్పు మీద జారిపోతుందే గాని పిండి చెయ్యదు. ఎవరేమనుకుంటే నాకేం? పిడి పట్టుకోండి, తిరుగుతాను.