హారన్లు మోగకముందు

డిఫెండర్ల గురించి నోరెత్తే అర్హత యారంబెక్‌లో నాకొక్కడికే ఉంది. ఇరవై రెండేళ్ళు తెల్లకోటు తొడుక్కుని, తెల్లటోపీ పెట్టుకుని, గోలు స్తంభాల వెనక అంపైర్‌గా నిలబడ్డాను. ఊరంతా మైదానం చుట్టూ కార్లు ఆపుకుని, హీటర్లు వేసుకుని, అద్దాల్లోంచి, చేత్తో పట్టి కాలితో తన్నే మా దేశం ఫుట్‌బాల్ చూసింది. గోలుకి ఆఖరి కాపలాదారైన ఫుల్‌బ్యాక్ మాత్రం ఎప్పుడూ నా ముందే ఉండేవాడు. వాడు బూతులు తిడితే నాకే వినిపించేవి, నెత్తురు ఉమ్మితే నా బూట్ల దగ్గరే పడేది. కార్లో కూర్చుని వేడివేడి మాంసం పఫ్ మెక్కినవాడు కూడా ఇవాళ డిఫెండర్ల మీద నాతో వాదనకి దిగుతాడు. మనుషులకి సిగ్గు లేదు.

నా పని తేలికనుకుంటారు. బంతి ఎవరి చేతికీ తగలకుండా మధ్య స్తంభాల నడుమ దాటితే ఆరు పాయింట్లు, నేను రెండు వేళ్ళు చూపించాలి. దారిలో ఎవడి చెయ్యైనా తగిలిందా, ఒక్క పాయింటే, ఒక వేలు. ఆ రెండో వేలు ఎత్తాలా వద్దా అన్నది అరక్షణంలో తేల్చుకోవాలి. కార్లలో కూర్చునేవాళ్ళకి ఆ అరక్షణం ఎంత పొడుగో తెలియదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం క్లబ్బు హాల్లో నలుగురం కూర్చున్నాం. బయట సన్నగా వాన. వచ్చే ఏడాది మా క్లబ్బు పక్కూరు కూలిండా వాళ్ళతో కలిసిపోతోంది. పొలాలు పెద్దవయ్యాయి, ఇళ్ళు ఖాళీ అయ్యాయి, జట్టుకి పద్దెనిమిదిమంది దొరకడమే గగనమైంది. వందేళ్ళు ఎవరి మొహం చూస్తే అన్నం సహించేది కాదో, వాళ్ళ రంగులే మా చొక్కా మీద సగం. కనుక క్లబ్బు చచ్చేలోపు దాని చరిత్రలోకెల్లా గొప్ప జట్టును ఎంచి, పేర్లు చెక్క మీద చెక్కించి, హాలు గోడకి తగిలిద్దామని పెద్దలు తీర్మానించారు. మూడు ఆదివారాలు కొట్టుకుని అన్ని స్థానాలూ తేల్చాం. ఫుల్‌బ్యాక్ ఒక్కటే మిగిలింది. అందరికన్నా కింద వరసలో గోల్ అంపైర్ పేరు ఉంటుంది. అది నాది, క్లారీ పాస్కో. దాని మీద వాదనే రాలేదు.

అధ్యక్షుడు రాస్ క్విర్క్, ఎరువుల డిపో ఆసామి. వాడి అన్న టెర్రీ పోయి పదేళ్ళయింది. ఫుల్‌బ్యాక్ చోటు అన్నకి ఇప్పించుకోవాలని రాస్ తాపత్రయం. పక్కన నోరీన్ డఫ్, నలభై ఏళ్ళుగా ఆటగాళ్ళ చీలమండలకి టేపు చుట్టిన మనిషి, ఇప్పటికీ దగ్గరికొస్తే నొప్పుల నూనె వాసనే. నాలుగోవాడు కార్యదర్శి డీన్ ఫెల్టన్, బళ్ళో లెక్కల పంతులు. ఊరికొచ్చి ఆరేళ్ళే అయింది, ఆట గురించి అన్నీ తెలుసు, ఆట తప్ప.

పోటీలో ఉన్న రెండోవాడు ఆల్బీ నోస్కె. వాడు కమిటీలో లేడు. వరండాలో నిలబడి మా కోసం సాసేజిలు కాలుస్తున్నాడు! తన పేరు మీద లోపల పంచాయితీ నడుస్తుంటే, పంచాయితీదార్లకి ఉల్లిపాయలు వేయించే మనిషిని ఏమనాలి? కిటికీ తెరిచే ఉంది. వాడికి వినబడాలనే నేను కాస్త గొంతు పెంచాను.

"మా టెర్రీ గాల్లోకి లేచి బంతి పట్టాడంటే అవతలివాడి భుజాలే మెట్లు," అన్నాడు రాస్. "పేపర్లో ఎన్ని ఫొటోలు పడ్డాయో తెలుసా?"

"ఫొటో కోసం లేచినవాడు తన మనిషిని వదిలేసి లేస్తాడు," అంది నోరీన్ అల్లిక సూదుల మీంచి చూపు తిప్పకుండా. "వాడు కిందికి దిగేసరికి ఇక్కడ గోలైపోయేది. ఆ ఫొటో ఎవడూ తియ్యలేదు."

డీన్ లాప్‌టాప్ తిప్పి మాకు చూపించాడు. "పాత పేపర్లన్నీ తిరగేశాను. టెర్రీ కాపలా కాసిన ప్రత్యర్థులు ఆటకి సగటున మూడు గోల్స్ కొట్టారు. ఆల్బీ కాసినవాళ్ళు ఒకటిన్నర."

"ఒకటిన్నర గోలా? ఆ అర గోలు ఎలా కొడతారయ్యా, ఒంటికాలి మీదా?" అన్నాను. "ఆల్బీ తన జన్మలో ఒక్క బంతన్నా పట్టాడా? పిడికిలితో కొట్టడమే. వంటింట్లో ఈగల్ని తోలినట్టు ఆడాడు పధ్నాలుగేళ్ళు."

"పట్టడం ఫుల్‌బ్యాక్ పని కాదు, క్లారీ. అవతలివాడికి దక్కనివ్వకపోవడం వాడి పని. నీ ముందే నిలబడ్డాడు కదా, ఆమాత్రం కనబళ్ళేదా?" అంది నోరీన్.

"కనబడింది గనకే అంటున్నా. ఎనభై తొమ్మిది ఫైనలు మర్చిపోయావా?"

ఎనభై తొమ్మిది అనగానే రాస్ మొహం వెలిగింది. నోరీన్ సూదులు ఆగాయి. డీన్‌కి అది ముక్కలు ముక్కలుగానే తెలుసు. కొత్తవాడు కదా అని, ముప్ఫై నాలుగేళ్ళుగా చెబుతున్నదాన్ని మళ్ళీ మొదటినుంచీ ఎత్తుకున్నాను.

"విను పంతులూ. ఫైనలు. కూలిండా మీద నాలుగు పాయింట్లు ముందున్నాం. అర నిమిషం కూడా లేదు. వాళ్ళవాడు నలభై గజాల నుంచి తన్నాడు. బంతి నా నెత్తి మీదికే వస్తోంది. ఆల్బీ గీత దగ్గర ఎగిరి, చెయ్యి చాచి, బొక్కబోర్లా పడ్డాడు. లేచి ఏమన్నాడు? 'తాకాను క్లారీ, తాకాను!' డిఫెండరన్నవాడు తాకలేదని ఎప్పుడన్నాడు గనక! ఆ మాట మా ఆవిడ నన్ను పేరు పెట్టి పిలిచినదానికన్నా ఎక్కువసార్లు విన్నాను. చుట్టూ కార్ల హారన్లు, చెవులు చిల్లులు పడుతున్నాయి. వేలు తగిలిన చప్పుడు ఎవడికి వినిపిస్తుంది? తాకడం నా కళ్ళకి కనబడలేదు. రెండు వేళ్ళు చూపించాను. రెండు పాయింట్లతో ఓడాం. మన ఊరని చూడలేదు, మనవాడని చూడలేదు."

ఆ మరుసటి వారం పేపరు నన్ను 'నిజాయితీ క్లారీ' అంది. లీగు వాళ్ళు గోడ గడియారం ఇచ్చారు. అది మా ముందు గదిలో ఇప్పటికీ నడుస్తోంది. ఆల్బీకేమో ఊరు వేరే బహుమానం ఇచ్చింది. బేకరీలో రొట్టె అందిస్తూ "తాకావా?" అని అడిగేవారు. పెట్రోలు బంకులో చిల్లర చేతిలో పెడుతూ "తాకావా?" వాడు ఒక్కనాడూ జవాబివ్వలేదు. ఉంటే కదా, ఇవ్వడానికి! అదే నేను అందరికీ చెబుతూ వచ్చాను.

డీన్ కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "ఒక్క నిమిషం, క్లారీ గారూ. ఇక్కడ హారన్లు ఎప్పుడు కొడతారు?"

"ఎప్పుడు కొడతారేంటి? గోలు పడ్డప్పుడు."

"గోలు పడిందని కార్లలో ఉన్నవాళ్ళకి ఎలా తెలుస్తుంది?"

"నేను రెండు వేళ్ళు..." అని ఆగిపోయాను.

"అదే అడుగుతున్నా. మీరు వేళ్ళు చూపించాక కదా హారన్లు మోగాల్సింది? మరి మీకు చప్పుడు వినబడకుండా అంతకుముందే ఎవరు మోగించారు?"

ముప్ఫై నాలుగేళ్ళు! పబ్బులో చెప్పాను, పెళ్ళిళ్ళలో చెప్పాను, లీగు విందులో మైకు పట్టుకుని చెప్పాను. పుట్టినప్పటినుంచీ హారన్లు కొడుతున్న ఈ ఊళ్ళో ఒక్కడికీ ఈ మాట తట్టలేదు. మైదానం మొహం ఆరేళ్ళ కిందట చూసిన పంతులికి తట్టింది.

"ముందే ఎవడో కొట్టుంటాడు," అన్నాడు రాస్, నాకన్నా తన అన్న కోసం.

"ఎవడూ కొట్టలేదు," అంది నోరీన్. "బంతి గాల్లో ఉంటే ఊపిరే బిగబట్టాం, హారన్లట! గోధుమ గిడ్డంగి మీద పావురాలు గొణుక్కోవడం కూడా వినిపించింది నాకు. నేనున్నది మైదానం అవతల." సూదులు ఒళ్ళో పెట్టుకుంది. "ఇంకోటి. ఆల్బీ ఉంగరం వేలు వంకర ఎలా వచ్చింది?"

"గొర్రెల గేటులో నలిగిందిగా?" అన్నాడు రాస్.

"గేటూ లేదు, గాడిదగుడ్డూ లేదు. ఆఖరి క్వార్టరుకి ముందు ఆ చేతి బొటనవేలికి నేనే టేపు చుట్టాను. వేళ్ళన్నీ తిన్నగా ఉన్నాయి. ఆటయ్యాక అదే చెయ్యి నా ఒళ్ళో పెడితే, ఉంగరం వేలు పక్కకి తిరిగిపోయి ఉంది. బంతి తగిలితేనే అలా విరుగుతుంది. గేటని చెప్పమన్నది వాడే. అయినా ఆగలేక అప్పటి కమిటీకి రెండుసార్లు చెప్పాను. టేపు చుట్టే ఆడదాని మాట ఎవడు విన్నాడు?"

"వాడెందుకు దాచమన్నాడు?" అడిగాడు డీన్.

"క్లారీ మీద జాలిపడి అనుకుంటా. ఈ ఊళ్ళోనే బతకాలి కదా ఈయన."

జాలి! నా మీద! ఈగలు తోలుకునేవాడికి! నాకు ఒళ్ళు మండింది. నోరీన్ మీద అరవబోయాను, అరవలేకపోయాను. ఎందుకంటే ఆ చప్పుడు నాకు వినిపించింది. ఇక్కడ దాచి లాభం లేదు. ఎండుపుల్ల విరిగినట్టు, చిన్నగా, స్పష్టంగా వినిపించింది. ఒక వేలు ఎత్తబోయాను కూడా. అప్పుడు అనిపించింది: నా ఊరికి, నా ఊరివాడు అడిగితే, ఒక వేలు చూపించి కప్పు ఇప్పిస్తే జనం ఏమంటారు? అదే రెండు చూపిస్తే? ఆ అరక్షణంలో నాకు బంతి కనబడలేదు, ఆల్బీ కనబడలేదు. నేనే కనబడ్డాను, తెల్లకోటులో, ఎంతో గొప్పగా.

"అయినవాళ్ళకి ఆకుల్లో, కానివాళ్ళకి కంచాల్లో," అంది నోరీన్, నా మొహం చదివేసి.

"సరే, ఇక ఓట్లు," అన్నాడు రాస్ తొందరగా. "నోరీన్, డీన్ ఆల్బీకి. నేను టెర్రీకి. క్లారీ ఎలాగూ నావైపే. రెండూ రెండూ సమానం, అధ్యక్షుడిగా నా మాటే ఆఖరు. రాసుకో డీన్."

డీన్ రాసుకోలేదు, నన్ను చూశాడు. అంతసేపూ నేను వాణ్ణి చూసిన చిన్నచూపే అది. దాని రుచి అప్పుడు తెలిసింది.

తలుపు తెరుచుకుంది. ఆల్బీ పెద్ద పళ్ళెంతో లోపలికొచ్చాడు, టోపీ అంచు నుంచి నీళ్ళు కారుతున్నాయి. పళ్ళెం అంచు పట్టుకున్న వేళ్ళలో ఒకటి పక్కకి తిరిగి ఉంది. వేలెడంత వేలు, ఏళ్ళ తరబడి నా కళ్ళముందే తిరిగింది.

నేను లేచి నిలబడ్డాను. మడమలు దగ్గరికి చేర్చాను, ఇరవై రెండేళ్ళ అలవాటు. కుడిచెయ్యి నడుము దగ్గర నుంచి ముందుకి చాచి, ఒక వేలు చూపించాను.

హాల్లో అందరికీ తెలుసు అదేమిటో. రాస్ కలం బల్ల మీద పడేశాడు. నోరీన్ కళ్ళు తుడుచుకుంది. నిజం చెప్పాలంటే, ఇప్పుడు ఆల్బీ వచ్చి భుజం తడతాడని ఎదురుచూశాను. అప్పుడు కూడా నాకు నేనే కనబడుతున్నాను, చూడండి.

ఆల్బీ పళ్ళెం బల్ల మీద పెట్టి, నా వేలు వంక కాసేపు చూశాడు.

"నోరీన్, నీది పొరపాటు," అన్నాడు. "వీడి మీద జాలిపడి కాదు నేను నోరు మూసుకున్నది."

"మరి?"

"నేను తాకానని మైదానంలో తెలిసినవాళ్ళం ఇద్దరమే, నేనూ వీడూ. విని కూడా రెండు వేళ్ళు చూపించాడు. అలాంటోడి ముందు నిలబడి న్యాయం అడుక్కోమంటావా? అంతకన్నా అబద్ధాలకోరు అనిపించుకోవడమే మర్యాద అనుకున్నా. ఇక ఆ వేలు దించరా క్లారీ, చెయ్యి లాగుద్ది."

దించాను. ఇన్నాళ్ళూ నేను వాణ్ణి తీసిపారేస్తున్నాననే అనుకున్నాను. ఆ పని వాడు ఎనభై తొమ్మిదిలోనే, ఒక్క మాటా ఖర్చుపెట్టకుండా చేసి పడేశాడు.

డీన్ గొంతు సవరించుకున్నాడు. "ఫుల్‌బ్యాక్, ఆల్బీ నోస్కె. మరి... కింద గోల్ అంపైర్ పేరు?"

"కొట్టెయ్," అన్నాను.

"ఉంచు," అన్నాడు ఆల్బీ, రొట్టెలో సాసేజి పెడుతూ. "హాలు తాళంచెవి వీడి దగ్గరే కదా ఉండేది. రోజూ తాళం తీసి చదువుకుంటాడు." ఆ రొట్టె మీద ఇంత ఉల్లిపాయ ముద్ద వేసి నా చేతిలో పెట్టాడు. నేను ఉల్లిపాయ ముట్టనని యారంబెక్‌లో కుక్కలకి కూడా తెలుసు. మొత్తం తిన్నాను.

బోర్డు ఆగస్టులో వచ్చింది. జట్టు పేర్లు రాసేటప్పుడు మొదటి వరస డిఫెండర్లదే, దాని మధ్యలో ఫుల్‌బ్యాక్. అందరికన్నా పైన వాడు, అందరికన్నా కింద నేను. తలుపు తీసి లైటు వేస్తే ముందు కనిపించేది అదే. అందుకని ఈమధ్య లైటు వెయ్యకుండానే లోపలికి వెళ్తున్నాను. కుర్చీలు మోకాళ్ళకి కొట్టుకుంటున్నాయి.