తల్లులు లేని తల్లుల వేదిక

బడి నుంచి రిటైరయ్యాక టీచరమ్మకు పొద్దు గడవడం కష్టంగా ఉండేది. అలాంటప్పుడు ఆమె మరిది ఇంటికొచ్చి, కాఫీ తాగుతూ, "మీలాంటివాళ్లు ఇంట్లో కూర్చుంటే దేశం ఏమైపోవాలి వదినా?" అన్నాడు. ఆ ఒక్క మాటకే ఆవిడ కరిగిపోయింది. మరిది బిస్కెట్ తయారీదారుల సంఘానికి కార్యదర్శి అని ఆమెకు తెలియక కాదు. పొగడ్త చెవిన పడ్డాక తెలిసిన సంగతులు ఎవరికి గుర్తుంటాయి?

ప్రభుత్వం ఒక చట్టం తెస్తోంది. చక్కెర ఎక్కువున్న ప్రతి ప్యాకెట్ మీదా, ముందువైపు, పెద్ద నల్లటి అక్షరాలతో హెచ్చరిక ముద్రించాలట.

"పిల్లలకి ఏం పెట్టాలో తల్లికి తెలీదా? సర్కారొచ్చి నేర్పాలా? ఇది తల్లుల్ని అవమానించడం కాదూ?" అన్నాడు మరిది. నిజమేననిపించింది ఆమెకు.

చూస్తుండగానే 'తల్లుల వేదిక' పుట్టుకొచ్చింది. ఆఫీసు గది, బ్యానరు, గాజు బల్ల, దాని మీద అధ్యక్షురాలి పేరు చెక్కిన పలక, అన్నీ వచ్చాయి. తల్లులు మాత్రం రాలేదు. వాళ్ల అవసరం ఎవరికీ తట్టలేదు.

మరిది ఆమెను మంత్రిగారి దగ్గరకు తీసుకెళ్లాడు. టీచరమ్మ తల్లి మనసు గురించి అనర్గళంగా మాట్లాడింది. మంత్రిగారు ఆమె చెప్పింది విన్నారో లేదో గానీ, ఆమె వెనక నిలబడ్డదెవరో మాత్రం తేరిపార చూశారు. "ప్రజాభిప్రాయం ఇంత బలంగా ఉంటే నేనేం చెయ్యగలను!" అని నిట్టూర్చి చట్టాన్ని వాయిదా వేశారు. మర్నాడు పేపర్లో ఫొటో పడింది. ఆ పేజీని టీచరమ్మ చుట్టాలందరికీ పంపుకుంది.

అంతటితో ఊరుకుంటే బాగానే ఉండేది. కానీ వేదికన్నాక మనుషులు ఉండాలి కదా అనే పిచ్చి ఆలోచన ఆమెకొచ్చింది. వీధిలో తల్లులందర్నీ ఆఫీసుకు పిలిచింది. సంఘంవాళ్లు పంపిన బిస్కెట్లే పళ్లాల్లో పెట్టించింది. వాటిని ఎవరూ ముట్టుకోలేదు.

ముందు వరసలో కూర్చున్న కుట్టుపనావిడ లేచింది. "మా చిన్నదాని పాలపళ్లన్నీ పుచ్చిపోయాయండీ. బలానికి మంచిదని రాసుంటే నమ్మి రోజూ ఇవే పెట్టాను. ఆ హెచ్చరికేదో ఇంకా పెద్దగా వెయ్యమనండి."

"మా వాడిదీ అదే కథ," అంది ఇంకొకావిడ. గదంతా గోల. చేతులెత్తమంటే అన్ని చేతులూ చట్టం వైపే లేచాయి. పేపర్లో తన ఫొటో గుర్తొచ్చి టీచరమ్మకు తల కొట్టేసినట్టయింది.

వెంటనే మరిదికి ఫోన్ చేసింది. "మన వేదిక చట్టం కావాలంటోంది."

"సభ్యుల్ని ఎవరు పిలవమన్నారు వదినా మిమ్మల్ని?" అన్నాడు మరిది, కన్నకొడుకు చెడిపోయినంత బాధగా.

మర్నాడు ఆఫీసుకు కొత్త తాళం వేలాడుతోంది. బల్ల మీద పలకా మారింది. ఇప్పుడు అధ్యక్షురాలు తోడికోడలు, అంటే సాక్షాత్తూ మరిది భార్య. పిల్లలిద్దర్నీ ఊహ తెలియకముందే హాస్టల్లో వేసిన తల్లి.

టీచరమ్మ కుట్టుపనావిడనూ మిగతావాళ్లనూ వెంటబెట్టుకుని మంత్రిగారి ఆఫీసుకు వెళ్లింది.

"మీరు ఏ సంఘం తరఫునమ్మా?" అన్నాడు గుమ్మం దగ్గర పీఏ.

"మా పిల్లల తరఫున."

"అలా కుదరదమ్మా. సంఘంగా రండి."

ఆడవాళ్లంతా అక్కడే వరండాలో బైఠాయించారు. లోపలికి వెళ్లే పెద్దమనుషులు వాళ్ల కాళ్లు తొక్కకుండా జాగ్రత్తగా దాటుకుంటూ వెళ్లారు. అందులో మరిదీ ఉన్నాడు. వదినను చూసి నమస్కారం కూడా పెట్టాడు, సంస్కారవంతుడు. కొన్నాళ్లకు విలేకరులు రావడం మొదలెట్టేసరికి మంత్రిగారికి ప్రజాభిప్రాయం మళ్లీ బలంగా తగిలింది.

చట్టం వచ్చింది. హెచ్చరిక తప్పనిసరి. కాకపోతే ప్యాకెట్ వెనకాల, అంచు మడిచి అతికించేచోట. చదవాలంటే ప్యాకెట్ చించాలి. చించాక తినేది తినేదే. ఇరుపక్షాల మనసూ నొప్పించకుండా పని చక్కబెట్టానని మంత్రిగారు సన్మానం చేయించుకున్నారు. కుట్టుపనావిడ ఆ ప్యాకెట్‌ను వెలుతురుకెత్తి అటూ ఇటూ తిప్పి చూసి, ఒక బూతుమాట అంది. టీచరమ్మ వారించలేదు.

నెల తిరిగేసరికి మరిది మళ్లీ వచ్చాడు, ఏమీ జరగనట్టు. "వదినా, మందుల కంపెనీలవాళ్లు 'అమ్మమ్మల వేదిక' పెడుతున్నారు. మీరైతే నిండుగా ఉంటుంది."

"లే," అంది టీచరమ్మ.

"ఏంటి వదినా?"

"కుర్చీలోంచి లే ముందు. ఆ చెప్పులేసుకుని బయటికి నడు."

అతను నిజంగానే నొచ్చుకున్నాడు. వదినకు ప్రజాసేవంటే బొత్తిగా గిట్టదని చుట్టాలందరికీ చెప్పుకున్నాడు. వాళ్లూ "అయ్యో పాపం" అంటూ నమ్మారు.