భానుమూర్తి పెదవి మీద నా కాపురం

నేను ఒక మీసాన్ని. పెట్టుడు మీసాన్నే లెండి. ఆ మాట వినగానే మీకు నవ్వొస్తుందని నాకు తెలుసు. నవ్వండి, నాకేం నష్టం లేదు. నన్ను ఒక్కసారి మెలేస్తే హాల్లో జనం కుర్చీలెక్కి చొక్కాలు చింపుకున్నారంటే నమ్ముతారా? 'మీసాల భానుమూర్తి' అని మీరంతా నోరారా పిలుచుకున్న హీరోగారి పేరులో ముందున్నది నేనే. ఆయన నా తరవాతే వస్తాడు.

నేను పుట్టింది మద్రాసు కోడంబాకంలో, సినిమావాళ్ళకి విగ్గులూ గడ్డాలూ కట్టిచ్చే ఒక ఇరుకింట్లో. బందరు నుంచి వలసపోయిన కుటుంబం వాళ్ళది. ఆ ఇంటాయన కూతురు నాంచారి తండ్రికి పనిలో చేదోడుగా ఉండేది. ఒకరోజు భానుమూర్తి అనే సన్నటి కుర్రాడు ఆ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. అప్పటికి ఆయనవన్నీ గుంపులో గోవిందయ్య వేషాలే. మర్నాడు ఒక పోలీసు వేషానికి పరీక్ష ఉందట. దానికి మీసం కావాలి. చిన్నప్పుడు కాగే పాలు మీద పడి పై పెదవి కాలడంతో అక్కడ వెంట్రుక మొలవదు. ఆ మచ్చ కనపడకుండా మూతికి చెయ్యి అడ్డం పెట్టుకునే మాట్లాడుతున్నాడు.

"చెయ్యి తియ్యండి మహానుభావా! మూతి చూడకుండా మీసమెట్టా కట్టేది?" అని కసిరింది నాంచారి.

విగ్గుల కోసం ఇంట్లో ఉంచిన జుట్టు దీపాల వెలుగులో ఎర్రగా కొడుతోంది. నాంచారి తన జడ విప్పి, లోపలి పాయ ఒకటి కత్తిరించి, సన్నటి జాలీ గుడ్డ మీద ఒక్కో వెంట్రుకనీ సూదికొక్కెంతో లాగి ముడివేసింది. అలా పుట్టాను నేను. ఆడపిల్ల జుట్టుతో కట్టడం వల్ల ఆయన ఊపిరి తీస్తే కదిలేదాన్ని, నవ్వితే విచ్చుకునేదాన్ని. కెమెరా కూడా నన్ను చూసి మోసపోయింది. ఆయనకి వేషం దొరికింది. ఏడాది తిరగకుండా నాంచారీ దొరికింది.

ఆ తరవాత మా దశ తిరిగిపోయింది. ఒక సినిమాలో ఆయన నన్ను మెలేసి విలన్ని చూసిన చూపుకి ఊరూరా అభిమాన సంఘాలు పుట్టుకొచ్చాయి. మంగలి షాపుల్లో 'భానుమూర్తి కటింగు' అని నా బొమ్మ అద్దానికి అంటించారు. మనుషుల తీరే అంత, నిజమైనవి మూతి మీద పెట్టుకుని వచ్చి అబద్ధపుదాన్ని చూపించి అలా దిద్దమనేవాళ్ళు.

నన్ను ముట్టుకునే హక్కు నాంచారి ఏ మేకప్పాయనకీ ఇవ్వలేదు. ఎంత దూరం షూటింగైనా వెంట వచ్చి, పొద్దున్నే గమ్ము రాసి తనే నన్ను అంటించేది. నా వెంట్రుకలు రాలిన చోటల్లా తన జడలోంచి తీసి మళ్ళీ ముడివేసేది. నాంచారి తండ్రిని పక్కన పెడితే, ఈ రహస్యం తెలిసింది వాళ్ళిద్దరికీ, కూతురు హరిణికీ, మేనేజరు పట్టాభికీ మాత్రమే.

ఈ పట్టాభి ఒకనాడు 'కేశకిరీటి తైలం' కంపెనీవాళ్ళని వెంటబెట్టుకొచ్చాడు. సీసా పట్టుకుని నన్ను మెలేస్తూ "నా మీసం రహస్యం ఇదే!" అనాలట.

"నేను నువ్వులనూనె తప్ప వేరే నూనె ఎరగను. నా జుట్టు చూపించి ఆ తైలం అమ్ముతారా?" అంది నాంచారి.

"అబ్బా, ప్రకటనల్లో అందరూ చెప్పేదేగా! దానికింత రాద్ధాంతమా?" అన్నాడు ఆయన. అనేశాడు, చేసేశాడు. బస్టాండు గోడల నిండా నేనే.

కొన్నాళ్ళకి గుడివాడ నుంచి ఒక నోటీసు వచ్చింది. ధనుంజయ అనే టైలరు ఆ తైలం రాస్తే మీసం రాకపోగా మూతంతా పుళ్ళు పడిందనీ, కంపెనీ మీదా హీరోగారి మీదా వినియోగదారుల ఫోరంలో కేసు వేశాననీ దాని సారాంశం. ఆయన పగలబడి నవ్వాడు. నాంచారి మాత్రం నవ్వలేదు.

"ఎగతాళి చేసేముందు వెళ్ళి ఆ అబ్బాయి మూతి చూసి రండి," అంది.

చూద్దాంలే అన్నాడు. ఈలోగా నాంచారి గుండెజబ్బుతో ఆస్పత్రిలో చేరింది, మళ్ళీ ఇంటికి రాలేదు. ఆయన ఊటీలో పాట షూటింగులో ఉన్నాడు, అక్కడ నన్ను పట్టాభి అంటించాడు. కబురంది వచ్చేసరికి అంతా అయిపోయింది. నన్ను పెదవి మీదే ఉంచుకుని ఆవిడ పాదాల దగ్గర కూర్చుని ఏడ్చాడు. కన్నీళ్ళకి గమ్ము కరిగి నేను ఒక పక్కకి జారాను. ఎప్పుడు జారినా సరిచేసే చెయ్యి ఆ రోజు కదల్లేదు. నాకు ప్రాణం లేదంటారు గానీ, ఆ రోజు పడ్డ బాధ నాకే తెలుసు.

కొడుకులు లేరు గనక కర్మ ఆయనే చేయాలి. కర్మ చేసేవాడు పదోరోజున మీసం తీయించుకోవాలి, అది మనవాళ్ళ ఆచారం. బెజవాడలో కృష్ణ ఒడ్డున ఏర్పాటు చేశారు. భానుమూర్తి మీసం తీయించుకుంటున్నాడని తెలిసి జిల్లాలన్నీ అక్కడికే కదిలొచ్చాయి.

"అసలు లేని మీసాన్ని ఏం తీయిస్తానయ్యా?" అన్నాడు ఆయన బేలగా.

"పెట్టుకుని రండి బాబూ, మిగతాది నేను చూసుకుంటా. తైలం కేసు నెత్తి మీదుంది. ఇప్పుడు బయటపడితే మన కొంప కొల్లేరే," అన్నాడు పట్టాభి.

క్షురకుడు అప్పన్నతో ముందే మాట్లాడి పెట్టాడు. అప్పన్న ఆయన మూతికి నురగ పట్టించి, మెడ చుట్టూ తువ్వాలు కప్పి, దాని చాటున గమ్ము కరిగించి నన్ను ఊడదీసి తన పొదిలో వేసుకున్నాడు. ఉత్త పెదవి మీద కత్తి నాలుగుసార్లు ఆడించాడు. తాడు అవతల నిలబడ్డ జనానికి మచ్చ ఆనలేదు, గొల్లుమన్నారు.

అప్పుడు జరిగింది, మావాళ్ళెవరూ ఊహించనిది. బెజవాడ అభిమాన సంఘం ప్రెసిడెంటు బాజీ తాడు దాటుకుని వచ్చాడు. సైకిలు షాపు నడుపుకునే మనిషి. బుర్ర మీసాలు, వాటినెప్పుడూ దువ్వుకుంటూ ఉంటాడు.

"వదినమ్మ పోయి అన్న మీసం తీసేసినాక మనకి మీసాలెందుకురా?" అని అరిచి అప్పన్న ముందు చతికిలబడ్డాడు. "కానియ్, మావా! నాదీ తీసెయ్!"

అతని వెనక పదిమంది, వాళ్ళ వెనక వందమంది. ఎక్కడెక్కడి క్షురకులూ కత్తులు పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. మెట్ల మీద వెంట్రుకలు కుప్పలు పడ్డాయి. పొదిలో పడున్న నాకు అప్పన్న గొంతు వినపడింది. ఆయన చెవిలో చాలా మెల్లగా అన్నాడు:

"ఇయ్యన్నీ నిజమైనయ్యి బాబూ."

ఆ మాట ఆయన్ని పట్టుకుంది. అప్పన్న నన్ను చాటుగా తిరిగిచ్చేశాడు. ఇంటికొచ్చాక ఆయన అన్నం ముందు కూర్చునేవాడు, లేచిపోయేవాడు. అద్దంలో ఉత్త పెదవి చూసుకుని ముఖం తిప్పుకునేవాడు. నాంచారి పోయిన దుఃఖమొకటి, ఆ దుఃఖంలోనూ నటించానే అన్న సిగ్గొకటి.

కంపెనీవాళ్ళకి మాత్రం పండగే పండగ. వాళ్ళ వకీలు ఉబ్బితబ్బిబ్బవుతూ వచ్చాడు. "వేలమంది ఎదుట మీసం తీయించుకున్నారు. రెండు నెలలు కూడా కాలేదు. మీరు నిండు మీసంతో ఫోరంకి వచ్చి, ఇది తైలం మహిమేనని ప్రమాణం చేసి చెప్పండి. కేసు అక్కడికక్కడే సఫా!" అన్నాడు. లోగుట్టు అతనికి తెలియదు పాపం. తెలిసిన పట్టాభి చేతులు నలుపుకున్నాడు. చేతిలో రెండు సినిమాలున్నాయి, రెండింట్లోనూ మీసమే హీరో. ఈయన నిజం చెబితే అవీ పోతాయి, జనమూ పోతారు. చెప్పకపోతే నాంచారి జుట్టు మూతికి అంటించుకుని ఒట్టేసి అబద్ధమాడాలి.

ఆ పొద్దున నన్ను అంటించుకోవడం ఆయనకి చేతకాలేదు. ఇరవై ఏళ్ళలో ఒక్కసారీ సొంతంగా అంటించుకుని ఎరగడు. చివరికి హరిణే గమ్ము రాసి అంటించింది. "నాన్నా, అమ్మ ఉంటే ఏమనేది?" అని మాత్రం అడిగింది.

ఫోరం హాలు కిటకిటలాడుతోంది. వకీలు దూరం నుంచి తీసి పేపర్లో వేసిన బోడిమూతి ఫోటో పైకెత్తి, ఇప్పుడున్న నన్ను చూపించాడు. "ఇంతకన్నా రుజువేం కావాలండీ?" అన్నాడు. జడ్జిగారు ధనుంజయవైపు తిరిగారు. అతను లేచి నిలబడ్డాడు. బక్క కుర్రాడు, పై పెదవంతా మచ్చలు. ఆ మచ్చల్ని చేత్తో కప్పుకునే మాట్లాడాడు.

"అయ్యా, నేనూ భానుమూర్తిగారి మనిషినేనండి. వారికి మొలిచిందంటే నూనె మంచిదేనండి. నా ఒంట్లోనే ఏదో లోపం ఉండుంటదండి. వారిని రచ్చకీడ్చినందుకు క్షమించమనండి. కేసు ఎనక్కి తీసేసుకుంటానండి."

గెలిచేశాం! పట్టాభి ముఖం చాటంతయింది. నేను మాత్రం ఆయన ఊపిరికి వణుకుతున్నాను. ఆయన చూపు ఆ కుర్రాడి మూతి మీదున్న చేతి మీదే ఉంది. ఏమనుకున్నాడో, ప్రమాణం చేసే చోటుకి నడిచి వెళ్ళి నిలబడ్డాడు. నన్ను ఒక కొస పట్టుకుని లాగాడు. తడి పెట్టకుండా లాగితే తోలు ఊడొచ్చినంత పనయింది. కళ్ళ నీళ్ళు తిరిగాయి. నన్ను తీసి జడ్జిగారి బల్ల మీద పెట్టాడు.

"నీ ఒంట్లో ఏ లోపమూ లేదు ధనుంజయా. చెయ్యి తియ్యి. నాదీ కాలిన మూతే, నాకూ మొలవదు. ఇది మా ఆవిడ జుట్టు. ఆవిడ వద్దంటున్నా వినకుండా ఆ తైలం ప్రకటన చేశాను. కృష్ణ ఒడ్డున కూడా అందర్నీ మోసం చేశాను. శిక్ష ఏదైనా ఇక్కడే ఒప్పుకుంటానండి."

జడ్జిగారు కళ్ళజోడు సవరించుకుని నన్ను కాసేపు చూశారు. కలంతో కదపబోయి, ఎందుకో ఆగిపోయారు.

ధనుంజయకి న్యాయం జరిగింది. తైలం దుకాణాల్లోంచి మాయమైంది. పత్రికలు మమ్మల్ని ఏకిపారేశాయి. రెండు సినిమాలూ పోయాయి. వాటి వెనకే పట్టాభీ పోయాడు. నన్ను కవర్లో పెట్టి, చీటీ అంటించి, ఫోరం బీరువాలో పడేశారు. హీరోగా వెలిగినదాన్ని సాక్ష్యంగా మూలపడ్డాను. ఒక మాట చెప్పనా? ఆ బీరువాలో నాకు హాయిగానే ఉండేది. అబద్ధం చెప్పే పని తప్పింది.

కేసు పూర్తయి నన్ను ఇంటికి పంపేసరికి ఆయన ఒక సినిమా పూర్తి చేసి ఉన్నాడు. కొత్త దర్శకుడొకాయన వచ్చి, కూతుర్ని ఒంటరిగా పెంచుకునే తండ్రి వేషం ఇచ్చాడట. మేకప్పు లేదు, మీసం అసలే లేదు. శుక్రవారం విడుదల. ఆయనకి మాత్రం ముద్ద దిగడం లేదు. ఫోరంలో నిజం చెప్పిన నాటి నుంచీ అభిమాన సంఘాలవాళ్ళు ఒక్కరూ గుమ్మం తొక్కలేదు. బాజీ ఫోనైనా చేయలేదు. తిట్టినా బావుండును అనుకునేవాడు. ఆ మెట్ల మీద పడ్డ వెంట్రుకల కుప్పలు ఆయనకి కలలోకి కూడా వచ్చేవట.

నేను ఇల్లు చేరిన మర్నాడు బాజీ వచ్చాడు. బుర్ర మీసాలు ఎప్పట్లాగే పెరిగి ఉన్నాయి. కూర్చోమంటే కూర్చోలేదు. ఆయన లేచి నిలబడి చేతులు జోడించబోయాడు.

"వద్దన్నా, అట్టా చెయ్యమాక," అన్నాడు బాజీ విసుగ్గా. "నిజం చెప్పాలంటే శానా కోపమొచ్చింది. మావోళ్ళు నీ బొమ్మలు చింపుతామన్నారు, నేనూ సరేననేశా. తర్వాత కూసోని ఆలోచిస్తే..." అతని చూపు నా కవరు మీద పడింది. "ఒకసారి చూడొచ్చా?"

ఆయన నన్ను కవర్లోంచి తీసి చూపించాడు. బాజీ వంగి చూశాడు గానీ ముట్టుకోలేదు.

"మావి నెలకల్లా మొలిచినయ్యన్నా. ఇది మళ్ళా మొలవదు. జాగర్తగా దాచుకో."

కృష్ణ ఒడ్డున వేలమంది ముందు రాని ఏడుపు అప్పుడొచ్చింది ఆయనకి. నటన లేదు, దీపాలు లేవు. నన్ను అరచేతిలో పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. బాజీ తల తిప్పుకుని గోడవైపు చూస్తూ నిలబడ్డాడు. కాసేపయ్యాక, వచ్చిన పని గుర్తొచ్చినట్టు అన్నాడు:

"సరేగానీ అన్నా, శుక్రవారానికి బ్యానరు కట్టాల. మా దగ్గిరున్నయ్యన్నీ మీసాల బొమ్మలే. మీసం లేని ఫోటో ఒకటి ఇయ్యి."

ఇల్లంతా వెతికారు. పెళ్ళి ఫోటోలో సైతం నేనే ఉన్నాను. మీసం లేని భానుమూర్తి ఫోటో ఆ ఇంట్లో ఒక్కటీ లేదు. హరిణి కెమెరా తెచ్చి తండ్రిని వరండాలో నిలబెట్టింది. అలవాటుగా మూతి మీదికి వెళ్ళబోయిన చేతిని ఆయనే కిందికి దించుకున్నాడు. ఇంకో చెయ్యి గుప్పిట మూసుకుని ఉంది.

ఆ ఫోటోనే బెజవాడలో హాలు ముందు నిలువెత్తు బ్యానరయింది. కాలిన మచ్చతో సహా ఆ ముఖానికి పూలదండలు వేసి ఈలలు వేశారట. మూసిన ఆ గుప్పిట్లో ఏముందో జనానికి తెలియదు. హరిణికి తెలుసు, బాజీకి తెలుసు, నాకు తెలుసు. అందులో నాకు చాలా వెచ్చగా ఉంది.