తువ్వాలు ఎడమ భుజం మీద

"ఆ తెల్ల షూ ఇంకా ఆరలేదా?" అని భర్త మూడోసారి అడిగేసరికి ఆమె ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి, షూలో పాత కాగితాలు కుక్కి కిటికీ దగ్గర ఎండ తగిలేలా పెట్టింది. మర్నాడు పొద్దున కొత్త స్టేడియంలో టెన్నిస్ ముఖ్య కోచ్ ఉద్యోగానికి పరీక్ష. ఎవరో ముక్కూ మొహం తెలియని పిల్లను అప్పగిస్తారట, అరగంటలో ఆ పిల్ల సర్వీసు, బ్యాక్‌హ్యాండు దిద్ది చూపించాలట. అంత పెద్ద పరీక్షకు ఆయన చేస్తున్న తయారీ షూ తెల్లగా ఉందో లేదో చూసుకోవడం. ఆ తెల్లబరచడం కూడా ఆమె వంతే.

ఆయనను అందరూ ఛాంపియన్ గారు అంటారు. పద్దెనిమిదేళ్ల కిందట ఒక డబుల్స్ పోటీ ఫైనల్ రోజున అవతలి జంటలో ఒకడికి జ్వరం వచ్చి ఆటకు రాలేదు. ఒక్క బంతి కొట్టకుండా చేతికొచ్చిన ఆ కప్పు హాల్లో టీవీ పక్కన ఉంది. పేరు గొప్ప, ఊరు దిబ్బ అన్న సామెత ఆ కప్పును తుడిచినప్పుడల్లా ఆమెకు గుర్తొస్తుంది. తుడవడం మాత్రం మానలేదు, మానితే అత్తగారు ఊరుకోదు.

ఆమె ఆట నేర్చింది గోడ దగ్గర. నాన్న పనిచేసే గోదాము వెనకాల ఎత్తైన గోడ ఒకటి ఉండేది, రోజుకు మూడొందల సార్లు బ్యాక్‌హ్యాండు దాని మీదికి కొట్టేది. గోడ మెచ్చుకోదు, తిట్టదు, ఎలా కొడితే అలా తిరిగి ఇస్తుంది. బంతి ఎక్కడికి పోయిందో చూడటం అందరికీ వచ్చు, ఎందుకు పోయిందో చూడటం ఆమెకు అక్కడే అలవాటైంది. కాలేజీలో వరసగా మూడేళ్లు ఆమెదే గెలుపు. పెళ్లిచూపుల్లో ఛాంపియన్ గారు "ఆట తెలిసిన అమ్మాయే కావాలి నాకు" అంటే పొంగిపోయింది, వెర్రిమొహం. పెళ్లయిన నెలలో ఇద్దరూ సరదాగా ఆడారు. ఆమె నాలుగు గేములు గెలిచి, ఆయన ఒక్కటి కూడా గెలవకపోయేసరికి ఆయన భుజం పట్టేసింది. ఆ భుజం ఇప్పటికీ నయం కాలేదు. వాళ్లమ్మ మంచాన్ని ఈ గదిలోంచి ఆ గదిలోకి ఒంటిచేత్తో జరిపినప్పుడు మాత్రం ఏ నొప్పీ ఉండదు, ఎదురుగా భార్య రాకెట్ పట్టుకుని నిలబడితేనే పోటు మొదలవుతుంది.

ఆడలేని భుజం కోచింగ్‌కు పనికొచ్చింది. ఒక స్కూలు వెనక రెండు కోర్టులు తీసుకుని శిక్షణ మొదలుపెట్టారు. ఆయన టోపీ పెట్టుకుని నెట్ పక్కన నిలబడేవాడు, ఆమె బుట్టలోంచి బంతులు అందించేది. మొదటి వారంలోనే ఆమెకు ఒక సంగతి అర్థమైంది. ఈ మనిషికి కనపడదు. కళ్లజోడు అక్కర్లేదు, చూపు దివ్యంగా ఉంది, కానీ పిల్ల కొట్టిన బంతి ఎందుకు నెట్‌కు తగిలిందో చెప్పమంటే గుడ్లు తేలేస్తాడు. తల్లిదండ్రులు కంచె అవతల నిలబడి చూస్తున్నారు. ఆయన నీళ్లు నములుతున్నాడు. అప్పుడు ఆమె జాలిపడి తువ్వాలుతో సైగల ఏర్పాటు ఒకటి ఆలోచించింది. ఎడమ భుజం మీద వేసుకుంటే, పిల్ల సర్వీసుకు బంతిని తల వెనక్కి ఎగరేస్తోందని అర్థం. కుడి భుజం మీద వేస్తే మోచేయి జారిందని. మెడ చుట్టూ వేస్తే రాకెట్ పట్టు సరిగా లేదని. నడుముకు కడితే బ్యాక్‌హ్యాండు ఆలస్యమని. ఆ సాయంత్రం ఇంట్లో ఈ ఏర్పాటు చెబితే ఆయన నవ్వి, "నాకు తెలీదనుకున్నావా? సర్లే, నీ సరదా ఎందుకు కాదనాలి" అన్నాడు. ఆ సరదా పదకొండేళ్లు నడిచింది. ఆమె తువ్వాలు వేసేది, ఆయన గర్జించేవాడు. "చూశారా, గద్ద కళ్లు ఛాంపియన్ గారివి" అని కంచె అవతల తండ్రులు మురిసిపోయేవారు. "మా ఆవిడా? బంతులు అందిస్తుంది. ఇంట్లో ఖాళీగా కూర్చోలేదు పాపం" అని ఆయన వాళ్లకు చెప్పేవాడు. ఖాళీగా అట! పొద్దున అయిదింటికి లేచి వంట, అత్తగారి స్నానం, బుట్టెడు చెమట బట్టలు, తెగిన రాకెట్లకు తీగలు బిగించడం, ఆ తరవాత మూడు గంటలు కోర్టు, మళ్లీ వంట. "ఎండలో తిరిగి బొగ్గయిపోయావు. మగాళ్ల ఆటలో నీకేం పనే? పోనీలే, ఒళ్లు తగ్గుతుంది" అని అత్తగారి ఓదార్పు ఒకటి.

ఇస్త్రీ అవుతుండగా ఆయన సోఫాలో వాలి, ఏదో వరం ఇచ్చినట్టు అన్నాడు. "ఈ ఉద్యోగం రానీ, నీ కష్టాలు తీరిపోతాయి. అక్కడ బంతులందించడానికి మనుషులుంటారు. నువ్వింక కోర్టు మొహం చూడక్కర్లేదు. హాయిగా ఇంట్లో అమ్మని చూసుకో."

"కోర్టు మానేయాలా?"

"మానేయాలా ఏంటి, మానేసే అదృష్టం వస్తోంది అంటున్నా. రేపొక్కరోజు వచ్చెయ్. తువ్వాలు మర్చిపోకు."

ఆమె చొక్కా కాలరు మీద ఇస్త్రీ పెట్టె నొక్కిపట్టి నిలబడింది. రోజు మొత్తంలో ఆ మూడు గంటలే ఆమెవి. పిల్లల మణికట్లు పట్టుకుని తిప్పే మూడు గంటలు, తప్పు ఎక్కడుందో తెలిసిపోయి లోపల ఏదో వెలిగే మూడు గంటలు. వాటిని తన చేత్తోనే, తన తువ్వాలుతోనే తెంచుకోమంటున్నాడు, పైగా దాన్ని అదృష్టం అంటున్నాడు. కోపం వస్తుందేమోనని చూసుకుంది. కోపం రాలేదు, రోత పుట్టింది. కోపం తెచ్చుకోవాలన్నా అవతల ఒక మనిషి ఉండాలి కదా అనిపించింది.

మర్నాడు స్టేడియంలో ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో నెరిసిన జుట్టు పెద్దావిడ, ఒకప్పటి క్రీడాకారిణి, కమిటీకి ఆవిడే అధ్యక్షురాలు. ఒక పక్క ఫైలు పట్టుకున్న ఆఫీసరు, ఇంకో పక్క ఒక డాక్టరు. పరీక్షకు పదకొండేళ్ల పిల్లను తెచ్చారు, సన్నగా, రెండు జడలతో. పిల్ల సర్వీసు చేసింది. బంతి తల వెనక్కి వెళ్లింది, దాన్ని అందుకోవడానికి నడుం విల్లులా వంగింది, కొట్టిన బంతి పోయి పోయి వెనక కంచెకు తగిలింది. ఛాంపియన్ గారు గంభీరంగా తల పంకించి, మెల్లిగా భార్య వైపు చూశాడు.

బెంచీ మీద ఆమె తువ్వాలును నాలుగు మడతలు పెట్టి, దాని మీద కూర్చుంది.

ఆయన దగ్గాడు. ఆమె ఆకాశం వైపు చూసింది. "మోచేయి!" అన్నాడు చివరికి. పిల్ల మోచేయి ఎత్తింది, బంతి కంచెకే తగిలింది. "మోకాళ్లు!" అన్నాడు. పిల్ల మోకాళ్లు వంచింది, ఈసారి బంతికి రాకెట్టే తగల్లేదు. "బ్యాక్‌హ్యాండు చూద్దాం" అని మాట మార్చాడు. అక్కడా అంతే, బంతి ఒంటిని దాటిపోయాక రాకెట్ వస్తోంది. "గట్టిగా కొట్టు! ఇంకా గట్టిగా!" అంటూ కేకలేశాడు. తర్వాత కమిటీ వైపు తిరిగి నవ్వి, "మీ బంతులు మరీ కొత్తవండీ, ఎక్కువ ఎగురుతున్నాయి" అన్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు. "పిల్ల కూడా కాస్త మొద్దులా ఉంది" అని చేర్చాడు, ఆ పిల్లకు వినపడేలా.

పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. "నాకు రాదు సార్, నేను వెళ్లిపోతా" అంది.

ఆయన పరువు పోతుంటే ఆమె కదలకుండా చూడగలిగింది, సాయంత్రం దాకా అయినా చూసేదే. ఈ పిల్ల రాకెట్ పారేసి వెళ్లిపోతుంటే చూడలేకపోయింది. లేచి కోర్టులోకి నడిచింది, ఎవరినీ అడగలేదు.

"నీకు వచ్చమ్మా, ఎవరూ చెప్పలేదంతే" అంది, పిల్ల వెనక నిలబడి. "బంతిని విసరకు. ఎత్తు అలమరలో గ్లాసు పెడతాం చూడు, అలా ముందుకి చెయ్యి చాచి పైన పెట్టి వదిలెయ్. అద్గదీ. ఇప్పుడు కొట్టు."

మొదటి బంతి నెట్‌కు తగిలింది. రెండోది దాటింది. మూడోది గీత లోపల పడి పిల్ల నోరు తెరిచింది. ఆమె అవతలికి వెళ్లి బ్యాక్‌హ్యాండుకు బంతులు వేసింది. "బంతి నేలకి తగిలేలోపు నీ వీపు నాకు కనపడాలి. గట్టిగా కొట్టక్కర్లేదు, ముందే తిరిగితే చాలు." ఆరో బంతికి పిల్ల భుజం ముందే తిరిగింది, బంతి రాకెట్ నడిమధ్యన ఠప్పున తగిలింది. ఆ చప్పుడు వినగానే పెద్దావిడ కుర్చీలో ముందుకు జరిగింది.

"ఇదంతా నా పద్ధతేనండీ!" ఛాంపియన్ గారు పరిగెత్తుకొచ్చాడు. "మా ఆవిడకి నేనే నేర్పాను. పదకొండేళ్లు పట్టింది నేర్పడానికి, ఆడవాళ్లు కదా."

పెద్దావిడ ఆయన వైపు చూడను కూడా లేదు. "మీరెక్కడ నేర్పుతారమ్మా?" అని ఆమెను అడిగింది.

ఆఫీసరు ఫైలు తిరగేసి, ఇబ్బందిగా గొంతు సవరించుకున్నాడు. "ఈవిడ కోచ్ కాదు మేడమ్. సార్ దరఖాస్తులో భార్య వృత్తి అన్నచోట 'ఏమీ లేదు' అని ఉంది. సార్ స్వయంగా రాసిందే."

అందరూ ఆమె వైపు తిరిగారు. భర్త కళ్లతోనే బెంచీ చూపించాడు, వెళ్లి కూర్చోమని. ఆమె నుదుటి చెమట మోచేత్తో తుడుచుకుని, ఆఫీసరు ముందు చెయ్యి చాపింది.

"ఆ పెన్ను ఇలా ఇవ్వండి. ఆయన తప్పులు దిద్దడం నాకు అలవాటే."