నాలుగు కన్నా పెద్దది

రెండో వరుస మూడో గడిలో పెన్సిలు ఆన్చి, గళ్ళాయన మళ్ళీ తీసేశాడు. అక్కడ మూడు పడదు. దాని నెత్తిమీది గడిలో అప్పటికే ఒక మూడు కూర్చుని ఉంది.

ఆరో తరగతి పిల్లల లెక్కల అభ్యాస పుస్తకంలో ఇవి చివరి పేజీలు. అడ్డంగా నాలుగు గళ్ళు, నిలువుగా నాలుగు. అడ్డవరుసైనా నిలువు వరుసైనా, ఒకటి నుంచి నాలుగు దాకా అంకెలు ఒక్కోసారే రావాలి. గళ్ళ మధ్య అక్కడక్కడా గుర్తులుంటాయి. నోరు తెరిచిన వైపు పెద్ద అంకె, మొన వైపు చిన్న అంకె. అచ్చుకు వెళ్ళేముందు ప్రతిదీ చేసి చూసి, ఒక్క జవాబే వస్తోందని తేల్చడం అతని పని. రెండొస్తే ఎర్రగా చుట్టి వెనక్కి పంపుతాడు. పుస్తకం మీద అతని పేరుండదు. అచ్చాఫీసులోనూ ఆ పేరు ఎవరికీ గుర్తున్నట్టు లేదు. పొట్టి మనిషి, పైజేబు అడుగున పెన్సిలు మరక, మధ్యవేలు మీద పెన్సిలు రాసుకుని కాసిన కాయ. అందరికీ గళ్ళాయనే.

"అయిపోయాయా బాబాయ్?" అంది పేజీలు కట్టే అమ్మాయి.

"రెండు మిగిలాయమ్మా. ఇంటికి పట్టుకెళ్తా."

"మీ అన్నయ్యగారితో చేయించడానికేగా? అయితే జీతం కూడా ఆయనకే ఇవ్వాలి!"

"ఇవ్వాల్సిందే," అన్నాడు. నవ్వు రాలేదు. రాలేదన్న సంగతీ అతనికి పట్టలేదు. కొన్ని నెలలుగా అంతే.

అన్నయ్య లెక్కల మాస్టారు. "నువ్వు వాడి కాలిగోటికి సరిపోవురా," అనేవాడు నాన్న. అమ్మ ఏమీ అనేది కాదు గానీ, వడ్డించేటప్పుడు ఆవిడ గరిటె అటే ఎక్కువ వంగేది. చుట్టాలొస్తే ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి ఎగాదిగా చూసేవాళ్ళు. ఆ చూపు ఎక్కడ ఆగుతుందో గళ్ళాయనకు ముందే తెలుసు. అలాగని అన్నయ్యను ద్వేషించాడా అంటే, అదీ చేతకాలేదు. గళ్ళల్లో అంకెలు పేర్చడం నేర్పింది ఆయనే మరి.

నిరుడు పక్షవాతం అన్నయ్య ఎడమపక్కను లాగేసింది. మొన్న రెండోసారి వచ్చి మాటను ముద్ద చేసింది. "ఆలోచన నిలబడినంతకాలం ఇంట్లో ఉంచండి. ఎక్కువేదో తక్కువేదో తెలియకుండా పోతే మాత్రం మీవల్ల కాదు, సంరక్షణ కేంద్రంలో చేర్చండి," అన్నాడు డాక్టరు. మంచం మీద అన్నయ్య అంతా విన్నాడు. డాక్టరు వెళ్ళాక తమ్ముడి చెయ్యి పట్టుకుని, "పంపకురా," అన్నాడు. ఆ ఒక్క మాట మాత్రం తడబడలేదు.

అందుకే, ఆలోచన నిలబడి ఉందో లేదో చూడ్డానికి, రోజూ సాయంత్రం అన్నయ్యతో ఒక గళ్ళ లెక్క. గళ్ళాయన చెప్పులు విప్పుతుండగానే వదిన ఎదురొచ్చింది.

"తప్పు చేస్తే చెప్పెయ్ మరిదీ. అన్న మీద ప్రేమకొద్దీ నా కళ్ళకు గంతలు కట్టావంటే ఊరుకోను. ఆయన్ని ఎత్తీ దింపీ నా నడుం ఇప్పటికే విరిగింది."

"అలాగే వదినా."

గదిలో మందునూనె వాసన. అన్నయ్య వీపు వెనక దిండు సర్ది, ఒళ్ళో అట్ట పెట్టి, కుడిచేతికి పెన్సిలు అందించాడు. ఇవాళ చెయ్యి బాగా నెమ్మదించింది. ఒక్కో అంకెకీ ఊపిరి పీల్చుకుంటున్నాడు. మూడు వరుసలూ సరిగ్గా వచ్చాయి. ఆఖరి వరుసలో, గుర్తు మొన వైపున్న గడిలో, నాలుగు వేశాడు.

నాలుగు! ఆ గళ్ళన్నింటిలో నాలుగును మించిన అంకే లేదు. మొన వైపు అది పడదని చిన్నపిల్లలకు కూడా తెలుస్తుంది.

అన్నయ్య తప్పు, తను ఒప్పు. చిన్నప్పుడు ఈ రోజు కోసమే కదూ దేవుడికి దండాలు పెట్టింది? మొద్దుబారిన పంటిని నాలుకతో తడిమినట్టు లోపలంతా తడుముకున్నాడు. సంతోషం ఎక్కడా తగల్లేదు.

"ఎలా చేశారు?" వంటింట్లోంచి వదిన.

"అంతా కరెక్టే వదినా."

అన్నయ్య అతన్ని చూశాడు. కాయితం వైపు చూశాడు. మూతి ఒక పక్కకే కదిలింది.

"ర... రబ్బరు," అన్నాడు.

గళ్ళాయనకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒళ్ళు ఝల్లుమంది. తెలిసింది! తప్పని ఆయనకే తెలిసింది!

"ఉండు అన్నయ్యా, తెస్తా!" పక్కగదిలోకి ఉరికాడు. సొరుగులో చెయ్యిపెట్టి వెతుకుతూ అరిచాడు. "వదినా! ఎక్కడికీ పంపక్కర్లేదు! తన తప్పు తనే పట్టుకున్నాడు!"

"అయితే తప్పు చేశారన్నమాట!"

"చేశాడు. నేనే దాచాను. తర్వాత తిట్టుకో!"

కొత్త రబ్బరు మీది కాగితం చింపుతూ వచ్చేసరికి అన్నయ్య తల పక్కకు వాలి ఉంది. పెన్సిలు దుప్పటి మీదికి జారింది. తిట్టడానికి వచ్చిన వదిన నోరు తెరిచి, ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, మంచం పక్కనే కూలబడింది.

"నిజమే మరిదీ," అంది. "ఇంకెక్కడికీ పంపక్కర్లేదు."

అతనికి ఏడుపు రాలేదు. ఎవరెవరికి కబురు చెప్పాలో వదిన ఏడుస్తూనే అడుగుతోంది. చేతిలోది అట్ట మీద పెట్టి బయటికి నడిచాడు.

కాయితం మీద నాలుగు అలాగే ఉంది. దాని పక్కన రబ్బరు, ఒక్క అంచు కూడా అరగకుండా, తెల్లగా.