రిపోర్టులో లేని నీళ్ళు

తాయిఫ్ దాటి తూర్పుకు పోతే గులాబీ తోటలు అయిపోతాయి, దానిమ్మ తోటలు అయిపోతాయి, ఆ తర్వాత ఏమీ ఉండదు. ఆ ఏమీ లేని చోట ఒక నల్లగుట్ట ఉంది. దాని కిందే మా క్యాంపు. గుట్టకు బోర్లు వేసి, లోపలి రాయిని కడ్డీల్లాగా బయటికి తీసి, పెట్టెల్లో వరసగా పేర్చి ఇవ్వడం మా పని. దాంట్లో ఏముందో మాకు చెప్పేవాళ్ళు కాదు. ఊళ్ళో బోరుబండి మీద పనిచేసినవాణ్ణి కాబట్టి నాకు బండి తెలుసు. వాళ్ళకు అది చాలు.

మొదట చైనావాళ్ళు ఉండేవాళ్ళు. వాళ్ళ అన్నం వాళ్ళు తినేవాళ్ళు, మా జోలికి వచ్చేవాళ్ళు కాదు. ఒకరోజు పొద్దున లేచి చూస్తే వాళ్ళ టెంట్లు లేవు. కొన్నాళ్ళకు అమెరికావాళ్ళు దిగారు. రాళ్ళ పెట్టెలకు తాళాలు పడ్డాయి. మా ఫోన్లు పొద్దున్నే గేటు దగ్గర గుంజుకుని, పని దిగాక ఇచ్చేవాళ్ళు.

భూమేష్ ఉండబట్టలేక ఆఫీసు సారును అడిగాడు. భూమేష్‌ది మా పక్క ఊరు, జగిత్యాల దిక్కు. నన్ను కాకా అంటాడు.

"ఏంది సారూ, గీ రాళ్ళల్ల బంగారమున్నదా?"

ఆఫీసు సారు పేరు జనార్దన్. రాజమండ్రి మనిషి. ఆయన నవ్వాడు.

"బంగారమా? దానికన్నా పెద్దదయ్యా. రేర్ ఎర్త్స్ అంటారు. మిసైల్‌లో అదే, నీ ఫోన్‌లో అదే, కరెంటు కారులో అదే. వరల్డ్ మొత్తానికి చైనావాడే సప్లై. వాడు కోపమొచ్చి ఆపేస్తే అమెరికావాడి ఫ్యాక్టరీలు క్లోజ్. అందుకే ఇక్కడికొచ్చి పడ్డారు. సౌదీవాళ్ళు ఇద్దరికీ గహ్వా కాఫీ పోస్తున్నారు."

ట్యాంకర్ నడిపే ఇస్సాక్ పక్కనే టైర్లు చూసుకుంటున్నాడు. కడప దిక్కు మనిషి. తల ఎత్తకుండానే అన్నాడు.

"అంటే పెద్దోళ్ళిద్దరికీ ఒగే పిల్ల నచ్చినాది. మనం పందిట్లో గుంజలు నాటేవాళ్ళం. నాటల్ల, పోవల్ల. బువ్వ పెడతారా అని అడగగూడదు."

నాకు పిల్లా తెలియదు, పెండ్లీ తెలియదు. నాకు కావలసింది ఒక్కటే. పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ ముద్రతో ఇంటికి పోవాలి.

మాకు వీసా ఇచ్చి తెచ్చుకున్న యజమాని, మా కఫీల్‌ది తాయిఫ్‌లో చిన్న కంపెనీ. సౌదీ మనుషులకు సరిపడా ఉద్యోగాలివ్వలేదని నితాఖత్ అనే సర్కారు లెక్కలో దాన్ని ఎర్రరంగులో పడేశారు. ఎర్రలో పడ్డ కంపెనీ మనుషులకు ఇఖామాలు, ఇక్కడ ఉండనిచ్చే కార్డులు, కొత్తవి కావు. అది చాలనట్టు పరాయివాడు ఒక్కొక్కడి మీదా లెవీ వేశారు, వేసినదాన్ని పెంచారు. కఫీల్ ఫోన్ ఎత్తడం మానేశాడు. ఇఖామా లేనివాడు ఇక్కడ ఉండకూడదు, ఎగ్జిట్ ముద్ర లేనివాడు ఇక్కడినుంచి పోకూడదు. మాకు రెండూ లేవు.

మమ్మల్ని అద్దెకు తెచ్చుకున్న ఈ సర్వే కంపెనీది పచ్చరంగు. ఎర్రలో ఉన్నవాణ్ణి పచ్చలో ఉన్నవాడు కఫీల్ సంతకం లేకుండానే తన పేరు మీదికి మార్చుకోవచ్చు. నఖల్ అంటారు. గుట్ట పని ఏ గొడవా లేకుండా ముగిస్తే నాకూ భూమేష్‌కూ నఖల్ చేయిస్తానని జనార్దన్ సారు మాటిచ్చాడు. ఇఖామా చేతిలో పడ్డాక నాకు ఎగ్జిట్ కొట్టించమన్నాను. సరేనన్నాడు. ఇంటికి ఫోన్ చేసి నా భార్య ముత్యవ్వకు చెప్పాను.

"వచ్చి గడపల నిలవడ్డంక చెప్పు" అంది.

గుట్టకు తూర్పున చివరి బోరు. పొద్దున్నే రాడ్లు పైకి గుంజుతున్నాం. బండి చప్పుడు మారింది. చేతికి తెలుస్తుంది అది. చివరి రాడ్ బయటికి రాగానే బోరు నోట్లోంచి నీళ్ళు తన్నుకొచ్చాయి. తవ్వేటప్పుడు మేము పోసిన ట్యాంకర్ నీళ్ళు బురదగా ఉంటాయి. ఇవి అట్లా లేవు. కాసేపు బురద కక్కి, ఆ తర్వాత అద్దంలాగా వచ్చాయి. చేయి పెట్టాను. చల్లగా ఉన్నాయి.

భూమేష్ టోపీ ఎగరేశాడు.

"గంగవ్వ తల్లీ! కాకా, నీళ్ళు వడ్డయే! గీ రాళ్ళల్ల నీళ్ళు వడ్డయే!"

దోసిట పట్టి నెత్తి మీద చల్లుకున్నాడు, బండి మీద చల్లాడు, నా మీద చల్లాడు. కొబ్బరికాయ కొట్టాలి. ఎక్కడిది? క్యాంపుకు ఉరికి వంటమనిషిని బతిమాలి ఒక కర్బూజకాయ ఎత్తుకొచ్చాడు. బండి ఇనుముకేసి కొట్టాడు. కాయ పగిలి గింజలన్నీ నీళ్ళల్లో పారాయి. ఇస్సాక్ ట్యాంకర్ వదిలేసి వచ్చాడు.

"మా మిట్టలో బోరు పడితే ఊరంతా చక్కెర పంచుతాం సామీ. ఈడ పుచ్చకాయ గొట్టేది ఇప్పుడే చూస్తాండా. ప్రసాదం తాండి."

"పుచ్చకాయ కాదు, కర్బూజ" అన్నాడు భూమేష్.

"యాదో ఒగటి. నీళ్ళు పడినాయి గదా."

మా చెలకలో బోరు వేసిన ప్రతిసారీ తెల్లటి దుబ్బే లేచింది. ముత్యవ్వ కొంగు అడ్డం పెట్టుకుని ఆ దుబ్బలోనే నిలబడేది. నీళ్ళు పడతాయన్న ఆశతో కాదు. పడలేదని కళ్ళారా చూసినా నమ్మేది కాదు.

జనార్దన్ సారు కారు దిగి వచ్చాడు. నీళ్ళు చూసి ముఖం మాడ్చుకున్నాడు.

"ఈ గోల ఆపండి. నీళ్ళు పడలేదు."

భూమేష్‌కు అర్థం కాలేదు. "ఏంది సారూ, పారవట్టె!"

"పారితే పారనీ. నీళ్ళని రిపోర్ట్‌లో రాస్తే నీళ్ళ డిపార్ట్‌మెంట్ వస్తుంది. పర్మిషన్లు, ఇన్స్పెక్షన్లు. వర్క్ స్టాప్. అమెరికావాళ్ళకు గడువుంది, నాకు మేనేజర్ ఉన్నాడు. డ్రై అని రాస్తాను. బోర్లన్నీ సిమెంటు పోసి మూసెయ్యాలి, పైన మట్టి సర్దెయ్యాలి. ఎక్కడ తవ్వామో రేపు వచ్చేవాడికి తెలియకూడదు. ఒక్కోదానికి ఫోటో. ఫోటోలు నీట్‌గా వస్తే మీ నఖల్ పేపర్లు పంపిస్తా. విన్నావా దేవన్నా?"

విన్నానన్నాను.

మూసే పని మొదలైంది. గుట్ట చుట్టూ ఒక్కొక్క బోరే మూసుకుంటూ వస్తున్నాం. తూర్పు బోరు చివరికి మిగిలింది. ఈలోగా దాని దగ్గరికి ఒక సూడానీ మేకల మంద తోలుకొచ్చాడు. పేరు ఆదం. మేకలు ఎవరో ఎడారి తెగ బదూ షేక్‌వి. తాయిఫ్ నుంచి ట్యాంకర్ వచ్చినప్పుడే వాటికి నీళ్ళు. ట్యాంకర్ రాని రోజుల్లో మేకలు ఆదం చేతులు నాకేవట. చూపించాడు, అరచేతులు గరుకుగా ఉన్నాయి. మేకలు బోరు చుట్టూ మోకాళ్ళ మీద కూలబడి తాగాయి. తాగి తాగి తుమ్మాయి. ఆదం చెప్పులు విడిచి నీళ్ళల్లో నిలబడ్డాడు. వాడి కఫీల్ కూడా ఎర్రలోనే ఉన్నాడు. ఆ సంగతి నవ్వుతూ చెప్పాడు.

చివరి బోరు రోజు వచ్చింది. భూమేష్ సిమెంటు బస్తా కోశాడు.

"ఆగు" అన్నాను.

"ఏంది?"

"దీంట్ల పొయ్యద్దు."

మా దిక్కు ఎండిన బోరు నోట్లో రాయి పెడతాం, పిల్లలు పడకుండా. నీళ్ళు పడ్డ బోరును ఎవరూ మూయరు. పగవాడిదైనా మూయరు. ఇది నియమం అని ఎవరూ చెప్పలేదు, చెప్పవలసిన అవసరం ఎవరికీ రాలేదు.

భూమేష్ బస్తా కింద పెట్టాడు.

"కాకా, నాగ్గూడ పాణం ఒప్పుతలేదు. గానీ నఖల్ సంగతేంది? ఇంటికి వోవా? చిన్నమ్మకేం జెప్తవు?"

"నువ్వు క్యాంపుకు వో. నువ్వు ఈడ లేవు."

"నేను లేకుంటే ఎట్ల? ఇద్దరి పేర్లు రాసిండు సారు."

"కడుపునొస్తుందని పండుకో. నేనొక్కణ్ణే మూసిన్నని చెప్త."

పోలేదు. కసిరాను. అప్పుడు పోయాడు.

బోరు నోటికి ఇనుప మూత బిగించాను. మూతకు పక్కన చిన్న పైపు, దానికి తిప్పుడు టాప్. పైన గోనె కప్పి, గోనె మీద పలచగా సిమెంటు పూశాను. ఫోటోలో మిగతా బోర్లకూ దీనికీ తేడా లేదు. పైపును రాళ్ళ కింద దాచాను. టాప్ ఎట్లా తిప్పాలో, ఎట్లా కట్టాలో ఆదంకు చూపించాను. వాడు నా గడ్డం ముట్టుకుని ఏదో అన్నాడు. సూడానీ మాట, నాకు తెలియలేదు.

నఖల్ పేపర్లు వెళ్ళాయి. జనార్దన్ సారు నా భుజం తట్టాడు కూడా.

ఆ తర్వాత ఆఫీసు కంటైనర్‌కు నన్ను పిలిపించారు. లోపల ఒక అమెరికా ఆయన, కంపెనీ సెక్యూరిటీకి పెద్ద అయిన ఒక సౌదీ, జనార్దన్ సారు ఉన్నారు. టేబుల్ మీద ఆకాశం నుంచి తీసిన ఫోటో. గుట్ట అంతా నల్లగా ఉంది. తూర్పు మూలన చిటికెనవేలి గోరంత పచ్చ మచ్చ. ఆదం టాప్ సరిగ్గా కట్టినట్టు లేదు. గడ్డి మొలిచింది.

జనార్దన్ సారు తెలుగులో అడిగాడు. "దేవన్నా, ఆ బోరు మళ్ళీ ఎవరో తెరిచారు. చైనావాళ్ళకు రాయి తీసివ్వడానికి బండి పెట్టి తవ్వి, ట్యాంకర్ నీళ్ళు పోశారని వీళ్ళ అనుమానం. చైనావాళ్ళు నీకేమిచ్చారు?"

"ఎవ్వలేమియ్యలే. తవ్వలే. నీళ్ళున్నయి. నేను మూయలే."

"ఎందుకు మూయలేదు?"

"నీళ్ళున్నయి గద సారూ."

ఆయన అమెరికా ఆయనతో ఇంగ్లీషులో మాట్లాడాడు. చాలాసేపు మాట్లాడాడు. ఆ మాటల్లో వాటర్ అన్న ముక్క వస్తుందేమోనని చెవి పెట్టి విన్నాను. రాలేదు. చైనా వచ్చింది, రెండు మూడుసార్లు వచ్చింది.

నేను సౌదీ ఆయన వైపు తిరిగాను. "మోయా" అన్నాను. "ఫీ మోయా తహత్." కింద నీళ్ళున్నాయని.

ఆయన నవ్వాడు. "ఈ గుట్టలోనా? మా తాతలకు దొరకలేదు." జనార్దన్ సారు వైపు చూశాడు.

"నో వాటర్ సర్" అన్నాడు జనార్దన్ సారు. "డ్రై హోల్. రిపోర్ట్‌లో ఉంది."

అమెరికా ఆయన నన్ను చూశాడు. కోపంగా కాదు. ముసలివాడు ఎంతకు అమ్ముడుపోయాడో అని లెక్కేస్తున్నట్టు చూశాడు. నీళ్ళ కోసం ఒక మనిషి చేతికి రాబోయే ఇఖామా పోగొట్టుకుంటాడని వాళ్ళెవరికీ తట్టలేదు. తట్టవలసిన ఒక్క మనిషి జనార్దన్ సారు, గోదావరి ఒడ్డున పుట్టినవాడు. ఎండిన బోరును ఆయన ఎన్నడూ చూసి ఉండడు.

నా నఖల్ కాగితం వెనక్కి వచ్చింది. నన్ను నా కఫీల్‌కు అప్పజెప్పారు. ఇన్నాళ్ళూ ఫోన్ ఎత్తని కఫీల్ అప్పుడు మాత్రం మా చుట్టమన్నట్టు వెంటనే పలికాడు. మనిషిని తన పద్దులోంచి తీసేస్తే ఆ మనిషి మీది లెవీ పోతుంది. నేను పారిపోయానని హురూబ్ పెట్టాడు. నేను పారిపోయినట్టు కంప్యూటర్‌లో పడ్డ రోజున నేను ఆయన గోదాములో, ఆయన కళ్ళ ముందే చాప మీద కూర్చుని ఉన్నాను.

ఇస్సాక్ ట్యాంకర్‌లో పక్కన కూర్చోబెట్టుకుని జిద్దా దింపాడు. అక్కడి షరఫియా బజారులో వాళ్ళ బామ్మర్ది ఖాదర్ మొహిద్దీన్‌కు టైలర్ షాపుంది. వెనక గదిలో బట్టల తాన్ల మధ్య చోటిచ్చారు. నాలాంటి హురూబ్‌వాళ్ళు ఇంకా ఉన్నారు. దేశం దాటించే ఆఫీసు తర్హీల్‌కు పోయి లొంగిపోతే వేలిముద్రలు తీసుకుని పంపేస్తారు, మళ్ళీ ఈ దేశం మొహం చూడనివ్వరు. మళ్ళీ చూడాలని నాకూ లేదు. అక్కడ కూడా వరస ఉంది. వరసలో మా పేర్లు వచ్చేదాకా ఆగాలి.

ఒక శుక్రవారం బజారంతా మన తెలుగు మాటలతో నిండి ఉంది. భూమేష్ ఫోన్ చేశాడు. వాడి నఖల్ అయింది. కొత్త ఇఖామా వచ్చింది. ఆ మాట చెప్పడానికే సిగ్గుపడ్డాడు.

"మంచిగైంది" అన్నాను. "పని ఏంది?"

"కాకా, ఆ బోరును మూయనీకి వొయ్యి మూత తీసిండ్రు. నీళ్ళు ఎగదన్నినయి. అమెరికాయన సంబురంతోని ఎగిరి దునికిండు. ఆ రాయిని కడిగి మందుల్ల నానవెట్టాల్నట. దానికి మస్తు నీళ్ళు గావాల్నట. గుట్ట దొరికె గని నీళ్ళెట్ల అని ఇన్నొద్దులు పరేషాన్ల ఉన్నరట. మోటర్ దించిండ్రు. చుట్టూ కంచె లెక్క ఇనుప జాలీ కొట్టిండ్రు. నీళ్ళు కనుక్కున్నడని జనార్దన్ సారుకు షీల్డ్ ఇచ్చిండ్రు."

"నా సంగతి చెప్పినవా?"

"చెప్పిన. హురూబ్ పడ్డంక తియ్యరాదన్నడు. కఫీల్ తియ్యాలె, కఫీల్ తియ్యడన్నడు."

"నీ పని ఏందని అడిగిన."

గొంతు తగ్గించి చెప్పాడు.

"గేటు కాడ, కాకా. బోరుకు కాపలా."

కుట్టు మిషన్ల చప్పుడులో ఫోన్ చెవికి గట్టిగా ఆనించుకున్నాను. "ఆదం వస్తుండా?"

"వస్తడు. జాలీ అవతల నిలవడ్తడు. నన్నేమనడు. నీ పేరు అడుగుతడు, అంతే. లోపట మోటర్ చప్పుడుకు మేకలు జాలీకి ముట్టె రుద్దుకుంటయి. ఒక్క బకిట్ ఇద్దామన్నా నెత్తి మీద కెమెరా ఉన్నది. ఏం జెయ్యాలె కాకా?"

ఇయ్యమని అనలేకపోయాను. నేను గోనె కప్పిన రోజుకే నా ఇఖామా చచ్చి ఏడాది అయింది. వాడిది కొత్తది, ఇంకా ప్లాస్టిక్ వాసన కూడా పోయి ఉండదు. ఇయ్యద్దని కూడా అనలేకపోయాను.

"కాకా? లైన్ల ఉన్నవా?"

ఉన్నాను. వాడి వెనక మేకలు అరుస్తున్నాయి. బాగా వినబడుతున్నాయి.

ఖాదర్ మొహిద్దీన్ మిషన్ ఆపి అడిగాడు. "ఎవురు పెద్దాయనా, ఇంటికాడ నుంచా?"

కాదన్నట్టు తల ఊపాను.