బయటి గొళ్ళెం

తెల్లవారుజామున అయిదింటికి లేచి నేను చేసే మొదటి పని గాజులకు గుడ్డ చుట్టుకోవడం. పాత చీర అంచు చింపి రెండు పీలికలు దాచుకున్నాను. మా బావ గణపతిరావు, అంటే మా మేనత్త కొడుకు, నా మొగుడు, కళింగపట్నం బడిలో మాస్టారు. అయిదు నుంచి ఆరు దాకా ధ్యానంలో కూర్చుంటాడు. ఆ గంటసేపు ఇంట్లో చప్పుడు కాకూడదు. గిలక కీచుమంటుందని ముందురోజు సాయంత్రమే నీళ్ళు తోడి పెట్టుకుంటాను. చీపురు గరగరలాడుతుందని తడిగుడ్డతో తుడుస్తాను. మా మూడేళ్ళ కూతురు పైడి లేచి ఏడిస్తే చంకనేసుకుని వీధి చివరిదాకా వెళ్ళిపోతాను. ఆరింటికి ఆయన కళ్ళు తెరిచి, "ఎంత ప్రశాంతంగా ఉందో చూశావా, లక్ష్మీ" అంటాడు. చూశాను బావా, చూడకేం, తడిగుడ్డ ఇంకా నా చేతిలోనే ఉంది.

నాకూ నేర్పమని ఒకసారి అడిగాను. నిజంగానే అడిగాను, ఎత్తిపొడుపు కాదు. కళ్ళు మూసుకుంటే మనిషికి లోపల ఏం కనిపిస్తుందో తెలుసుకోవాలని ఉండేది. ఆయన నవ్వాడు. "ఆడదాని మనసు కోతి. కుదురుగా నిలబడదు. నీకు చేతనైన పని నువ్వు చెయ్యి." మా అత్త జగ్గమ్మ బియ్యంలో రాళ్ళేరుతూ అందుకుంది. "కుదురుంటే ఈ గుంటకీ గతి పట్టునా? కడుపుతో ఉండగా ఒక్క పూట కదలకుండా తొంగోమంటే తొంగోనేకపోయినాది."

అత్త చెప్పేది పైడి గురించి. దాని పై పెదవి ముక్కుదాకా చీలి ఉంది. గ్రహణం మొర్రి అంటారు. ఆ పేరులోనే తీర్పు ఉంది. కడుపుతో ఉన్నది గ్రహణం వేళ ఏదో కోసిందన్నమాట. నాకు రెండో నెల అప్పుడు. పాతపట్నం దగ్గర మా ఊళ్ళో ఉన్నాం. కార్తీక అమావాస్య పొద్దున్న సూర్యగ్రహణం పట్టింది. నేను కత్తిపీట ముట్టానని, వంకాయ కోశానని ఊరంతా చెప్పుకుంది. నేనే ఒప్పుకున్నాను మరి. అప్పటినుంచి మా ఇంట్లో వంకాయ కూర వండినప్పుడల్లా అత్త ఒక నిట్టూర్పు విడుస్తుంది. తినడం మాత్రం మానలేదు.

పిల్ల నవ్వబోతే చాలు, "నోరు మూసుకోయే, మనుసులొస్తన్నారు" అంటుంది అత్త. ఆ మాట అంటే ఏమిటో తెలియని వయసులోనే పైడికి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం అలవాటైపోయింది. నేను కూడా వద్దనలేదు. వద్దనడానికి నాకేం హక్కుంది అనుకునేదాన్ని.

మొన్న బడికి మసూచి టీకాలు వేయడానికి వచ్చిన డాక్టరమ్మ పైడిని చూసింది. చెయ్యి తీసి, గడ్డం పట్టుకుని, వెలుతురు వైపు తిప్పి చూసింది. "ఇది కుట్టేస్తారమ్మా. విశాఖపట్నం పెద్దాసుపత్రిలో చేస్తారు. మాట ముదరకముందే చేయించాలి. ఈ నెలాఖరులోగా తీసుకెళ్ళండి" అని ఒక చీటీ రాసిచ్చింది. తల్లి మూడు వారాలు దగ్గరుండాలంది. నాకు ఆ రాత్రి అన్నం సహించలేదు, సంతోషంతో.

మా బావ ఆ చీటీ మడిచి తన ధ్యానం పుస్తకంలో పెట్టేశాడు. "కర్మఫలం కుట్లు వేస్తే పోదు. నువ్వు చేసినదానికి నా కూతురి మీద కత్తి పెట్టిస్తావా?" అన్నాడు. మెల్లగా, ఎంతో శాంతంగా అన్నాడు. నేను చేసినదే కదా. ఏ ముఖం పెట్టుకుని అడుగుతాను? నెలాఖరుకి పన్నెండు రోజులుంది.

అత్తకు ఎండు నెత్తళ్ళ చేపలు లేనిదే ముద్ద దిగదు. వారానికి రెండుసార్లు నేను పైడిని తీసుకుని సముద్రపు ఒడ్డుకు వెళ్ళి తవిటమ్మ దగ్గర కొంటాను. తవిటమ్మ గురించి చెప్పడం మొదలుపెడితే నాకు ఆపడం తెలియదు. ఆమె మొగుడు గంగులు వేటకెళ్తాడు. తెచ్చిన చేప ఏరడం, కోయడం, ఉప్పు పట్టించడం, ఎండబెట్టడం, గంపకెత్తి ఊళ్ళమ్మట తిరిగి అమ్మడం అన్నీ తవిటమ్మే. ఒడ్డున చాలామంది ఆడవాళ్ళు ఇసుక మీద పాత వలలు పరిచి చేపలు ఎండబెడతారు. కాకులు వాలితే "హుష్" అని అరుస్తూ, మట్టలు విసురుతూ ఈ కొసనుంచి ఆ కొసకు పరిగెడతారు. తవిటమ్మ మాత్రం కూర్చుంటుంది. మోకాళ్ళు ముడుచుకుని, తలమీద కొంగు వేసుకుని, చేపల్ని చూస్తూ కూర్చుంటుంది. అరవదు, లేవదు. ఆమె చేపల మీద మాత్రం కాకి వాలదు.

"నీ దగ్గర మంత్రముందా తవిటమ్మా?" అన్నాను ఒకరోజు.

"మంత్రమేటి మాస్టారమ్మా! కాకి దొంగది. నువ్వు సూడనప్పుడే వస్తాది. నాను దాన్ని సూస్తన్నానని దానికి తెలిస్తే సాలు, ఎల్లిపోతాది. ఎంటబడ్డావనుకో, ఆటలాడిస్తాది. నువ్వు ఆ కొసనుండగా ఈ కొసన నాలుగు వాల్తాయి."

"పొద్దస్తమానం అలా కూర్చుంటే ఏవేవో ఆలోచనలు రావూ?"

"ఎందుకు రావూ? వేటకెల్లిన మావ ఇంకా రానేదేటీ అనొకటి. రేత్రి తిట్టినాడే అనొకటి. మా అమ్మ సచ్చిపోయినాదే అనొకటి. అవీ కాకులే. తోలితే పోవు. ఒచ్చినాదాన్ని ఒచ్చినావా అని సూడాల. సూస్తే దాని మొకం తెలుస్తాది. అంతే, అదే పోతాది."

నేను నోరు తెరుచుకుని ఆమెను చూశాను. మా బావ ఆరేళ్ళనుంచి కూర్చుంటున్నాడు. మనసుతో కుస్తీ పడుతున్నానంటాడు. కూరలో ఉప్పు ఎక్కువైతే ఈనాటికీ కంచం విసిరేస్తాడు. ఈ మనిషి చదువుకోలేదు, గురువు లేడు, చేపలవాసన తప్ప చుట్టూ అగరొత్తి వాసనైనా లేదు. నాకు చేతులెత్తి మొక్కాలనిపించింది. మొక్కితే నవ్వుతుందని ఊరుకున్నాను.

"కుండెడు నీల్లు తెచ్చుకుంటాను, కూసేపు నా సేపలు సూడమ్మా" అని తవిటమ్మ లేచింది. ఆమె కూతురు అమ్మడు, మా పైడి ఈడుదే, ఇద్దరూ ఇసుకలో గుంత తవ్వుకుంటున్నారు. నేను ఆమె కూర్చున్న చోట కూర్చున్నాను.

మొదట నాకూ పరుగే అయింది. ఒక కాకిని తరిమేలోగా వెనక రెండు దిగాయి, అయిదారు నెత్తళ్ళు పోయాయి. పరువు పోయినంత పనైంది. అప్పుడు కూర్చున్నాను. చూడటం మొదలుపెట్టాను. కాసేపటికి కాకులు దూరంగా తాటిమొద్దు మీదికి సర్దుకున్నాయి. నా లోపలివి మాత్రం దిగాయి. ఇంటికెళ్ళి చింతపండు నానబెట్టాలి. అత్త తైలం అయిపోయింది. నెలాఖరు. చీటీ. నువ్వు చేసిన పాపం. ఆ చివరిది వచ్చినప్పుడల్లా నేను తల దించుకుంటాను, మూడేళ్ళుగా దించుకుంటూనే ఉన్నాను. ఆ రోజు దించుకోలేదు. ఒచ్చినావా అని చూశాను.

చూస్తే ఏం కనిపించాలి? కత్తిపీట కనిపించాలి, వంకాయ కనిపించాలి. అవి కనిపించలేదు. ఎంత వెతికినా ఆ వంకాయకు రంగు లేదు, తెల్లదో నల్లదో చెప్పలేకపోయాను. కనిపించినదల్లా చీకటి గది. కిటికీకి గోనెపట్టా కట్టి ఉంది. చాప మీద వెల్లకిలా పడుకుని ఉన్నాను, రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని, దురద పుడితే గోకడానికి కూడా భయపడుతూ. దాహం వేస్తోంది. లేచి తలుపు తోశాను. తలుపు రాలేదు. బయటినుంచి గొళ్ళెం వేసి ఉంది. "తొంగోయే, గ్రహనం ఇడిసేదాకా తియ్యను" అని అత్త గొంతు వినిపించింది. నేను మళ్ళీ వెళ్ళి పడుకున్నాను. వంటిల్లు ఆ గొళ్ళానికి అవతల ఉంది. కత్తిపీట వంటింట్లో ఉంది.

మరి వంకాయ ఎక్కడిది? అదీ చూశాను. పురుడు వచ్చిన రోజు మంత్రసాని పిల్లను చూసి, "గ్రహనం నాడు ఏటి కోసినావమ్మా?" అంది. ఏమీ కోయలేదన్నాను. "కోయకుండా ఎలగొస్తాది? సరిగ్గా గేపకం తెచ్చుకో" అంది. అత్త అడిగింది. చుట్టుపక్కలవాళ్ళు అడిగారు. ఇంకా రక్తం ఆగలేదు, కళ్ళు మూతలు పడుతున్నాయి, నిద్రపోనిస్తే చాలు. వంకాయ అన్నాను. అందరూ "అదీ" అన్నారు. నన్ను వదిలేశారు. ఆ తర్వాత ఎన్నిసార్లు విన్నానో, విని విని నేనే నమ్మాను. చేయని పనిని నేనే తయారుచేసుకుని మూడేళ్ళు మోశాను. గొళ్ళెం వేసిన చెయ్యికి కూడా ఆ గొళ్ళెం గుర్తు రాలేదు.

తవిటమ్మ కుండతో వచ్చేసరికి నేను ఏడుస్తున్నాను. అంతా చెప్పాను. "నేను కోయలేదు తవిటమ్మా, ఏమీ కోయలేదు. నాది తప్పు కాదు" అన్నాను. ఆమె కూడా నాతోపాటు సంతోషిస్తుందనుకున్నాను. ఆమె కుండ దించి, చేతులు చీరకు తుడుచుకుని, నా ముఖంలోకి వింతగా చూసింది.

"కోస్తే మాత్రం ఏటౌతాది?"

నాకు అర్థం కాలేదు.

"ఆ అమాస నాడు మా మావ పడవ నిండా సేప తెచ్చినాడు. అప్పటికి నాకు నాలుగో నెల. గ్రహనం ఇడిసేదాకా సేప ఆగతాదేటి, కుల్లిపోదూ? పొద్దంతా కత్తి దించకుండా కోసినాను. మా అత్త తిట్టినాది, నాను కోసినాను. అదిగో, సూడు నా కూతుర్ని."

అమ్మడు ఇసుక గుంతలో నీళ్ళు ఊరాయని కేరింతలు కొడుతోంది. నిండైన పెదవులు. పక్కన పైడి అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

ఇంటికి నడుస్తున్నంతసేపూ తవిటమ్మ మాటనే తిప్పి తిప్పి చూసుకున్నాను. అప్పటిదాకా నేను కోరుకున్నది నిర్దోషినని అనిపించుకోవడమే. అసలు ఆ నేరమే లేదని నాకు తట్టలేదు. తవిటమ్మకు తట్టడం కాదు, ఆమె చూసింది. కడుపు మీద భయం ఉండి ఉంటుంది, అత్త తిట్లు ఉన్నాయి, ఊరి మాటలు ఉన్నాయి, అయినా ముందున్న చేపను చూసింది. అంతటి మనిషిని నేను నా జన్మలో ఇంకొకరిని చూడలేదు.

ఇంటికొచ్చి బావ పుస్తకంలోంచి చీటీ తీసి నడుంలో దోపుకున్నాను. మధ్యాహ్నం ఇద్దరికీ వడ్డించాను. ఆదివారం కాబట్టి ఆయన నింపాదిగా తింటున్నాడు.

"బావా, రేపు తొలి బస్సుకి పైడిని విశాఖపట్నం తీసుకెళ్తున్నాను. నెల పట్టొచ్చు. బియ్యం, పప్పు సరిపడా ఉన్నాయి."

ఆయన కళ్ళు మూసుకుని ఊపిరి తీసుకున్నాడు. "మనసు అదుపులో లేక మాట్లాడుతున్నావు. చేసిన పాపానికి..."

"అత్తా, ఆ రోజు గది గొళ్ళెం ఎవరు వేశారు?"

అత్త ముద్ద చేతిలో పట్టుకుని ఆగింది. "నానే ఏసినాను."

"ఎప్పుడు తీశావు?"

"ఇడిసినాకే తీసినాను. నువ్వు దాహమన్నా తియ్యనేదు." చెబుతూ చెబుతూ ఆవిడ గొంతు సన్నబడింది. నా వైపు చూసింది, కొడుకు వైపు చూసింది. "అలగైతే వంకాయ..."

"కోయలేదు. కోసినా ఏమీ అయ్యుండేది కాదు."

బావ చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. వెళ్ళవద్దని అనలేదు, వెళ్ళమనీ అనలేదు. అత్త మాత్రం కంచం ముందు అలాగే ఉండిపోయింది.

"నువ్వు కాకపోతే మరెవులే?"

"ఎవరూ కాదు అత్తా."

అత్త చేతిలో ముద్ద ఎండిపోయింది. బావకు ముందు అత్తకు ఒక కొడుకు పుట్టి, నడక రాకముందే పోయాడని నాకు తెలుసు. ఎందుకు పోయాడని ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఆ రోజు అత్తే ఎత్తింది.

"నాను ముట్టుతోటి ఏరు దాటినానంట. గంగమ్మకి కోపమొచ్చి తీసుకుపోనాదని మా అత్త సెప్పినాది. ముప్పైయెనిమిదేల్లు." ఆవిడ గొంతు చిన్నపిల్ల గొంతులా ఉంది. "ఆడు నావల్ల పోనేదేటే?"

నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. "నీవల్ల కాదు అత్తా" అన్నాను. మూడేళ్ళుగా ఎవరైనా నాతో అంటారేమోనని నేను ఎదురుచూసిన మాట అదే.